కార్డు మీద 25 లక్షలు, కౌంటర్ దగ్గర "ముందు డబ్బు కట్టండి". అసలు రాష్ట్రం పెట్టే ఖర్చుకీ ఈ బీమాకీ లింకు ఏంటి?

అనకాపల్లి_బెల్లం
అందరికీ నమస్తే. ఎప్పుడూ క్రికెట్ దారాల్లోనే ఉంటాను, ఈ విభాగంలో రాయడం మొదటిసారి. మా నాన్నకి పది రోజుల కిందట ఛాతీలో పట్టేసినట్టు అయింది. ఆంజియోగ్రామ్ తీస్తే ఒక రక్తనాళం బాగా మూసుకుపోయిందన్నారు. ప్రాణం మీదకి రాలేదు గానీ వారం పది రోజుల్లో స్టెంట్ వేయించుకోమన్నారు. రేషన్ కార్డు ఉంది, ఎన్టీఆర్ వైద్య సేవలో (పాత ఆరోగ్యశ్రీ) పేరుంది, ఆ ఆసుపత్రి నెట్‌వర్క్‌లోనే ఉంది. తీరా చేర్పిద్దామని వెళ్తే కౌంటర్‌లో అమ్మాయి "ప్రస్తుతం స్కీమ్ కేసులు తీసుకోవట్లేదండి, బకాయిలు రాలేదు, లక్షా అరవై వేలు కడితే రేపే చేసేస్తాం" అంది. గోడ మీద మాత్రం పాతిక లక్షల పోస్టర్ అలాగే ఉంది. ఆ పిల్ల మీద అరిచి లాభం లేదని వచ్చేశాను.

రాష్ట్ర బడ్జెట్‌లో ఆరోగ్యానికి వేల కోట్లు అంటారు, ప్రతి కుటుంబానికీ బీమా ఉంది అంటారు. రెండూ నిజమైతే నేను రెండు రూపాయల వడ్డీకి డబ్బు కోసం ఎందుకు తిరుగుతున్నాను? తిట్టడానికి అడగట్లేదు, నిజంగా అర్థం కాక అడుగుతున్నా. పార్టీల గొడవ వద్దు ప్లీజ్.

ఉల్లిపాయ_ఉప్మా
పార్టీల గొడవ వద్దన్నావా, ఇక్కడ? సరే చూద్దాం, ఎన్నో కామెంట్ దాకా ఆగుతారో. నాన్నగారికి త్వరగా నయం కావాలి తమ్ముడూ.

లెక్కల_మాస్టారు
నేను ఖజానా శాఖలో ముప్పై ఏళ్లు బిల్లులు చూసి రిటైరయ్యాను, కాబట్టి డబ్బు వైపు నుంచి చెబుతాను.

మొదట ఆ పాతిక లక్షల సంగతి. పథకంలో ఉన్నవి సుమారు 1.43 కోట్ల కుటుంబాలు. ఒక్కో కుటుంబానికి 25 లక్షలు అంటే కాగితం మీద 35 లక్షల కోట్ల పైచిలుకు హామీ. 2025-26 రాష్ట్ర బడ్జెట్ మొత్తం 3.22 లక్షల కోట్లు. అంటే జీతాలు, పింఛన్లు, రోడ్లు అన్నీ మానేసినా పదకొండేళ్ల బడ్జెట్ కావాలి. అందరూ ఒకే ఏడాది 25 లక్షల జబ్బు తెచ్చుకోరు కాబట్టి బీమా నడుస్తుంది, అది తప్పేమీ కాదు. కానీ దీంట్లో ఒక తిరకాసు ఉంది. పరిమితిని 5 లక్షల నుంచి 25 లక్షలకు పెంచడానికి ప్రభుత్వానికి పెద్ద ఖర్చేమీ కాదు. వచ్చే క్లెయిముల్లో ఎక్కువ భాగం వేలల్లోనో, ఒకటి రెండు లక్షల్లోనో తేలిపోయేవే. ఐదు దాటేవి కాలేయ మార్పిడి, బోన్ మ్యారో లాంటివి, వాటి సంఖ్య తక్కువ. అందుకే పరిమితి పెంచడం ప్రకటనలకు అంత తేలిక.

ఖర్చు నిజంగా పెరిగేది మూడు చోట్ల: జాబితాలో ఎన్ని చికిత్సలున్నాయి, ఒక్కో చికిత్సకు ఎంత రేటు, ఏడాదిలో ఎన్ని కేసులు. ఆంధ్రాలో చికిత్సల జాబితా 2019లో 1,059. ఇప్పుడు 3,257. దానికి తగ్గట్టు కేసులు పెరిగాయి. డబ్బు విడుదల ఆ వేగంతో పెరగలేదు. ఆ తేడా పేరే బకాయి. నువ్వు కౌంటర్ దగ్గర విన్నది అదే బాబూ.

పాలమూరు_పిల్లగాడు
మాస్టారూ, లెక్క మంచిగ చెప్పిన్రు గానీ ఇక్కడ అందరూ ఆరోగ్యశ్రీని తిట్టుడు మొదలుపెట్టకముందే నా మాట ఒకటి రాస్తా.

2007 ఏప్రిల్‌లో ఈ పథకం మొదలైంది మూడే జిల్లాల్లో. మాది మహబూబ్‌నగర్, ఇంకా అనంతపురం, శ్రీకాకుళం. ఎక్కువ కరువు, ఎక్కువ వలస ఉన్న జిల్లాలు. మా చెల్లెకు పుట్టుకతోనే గుండెలో రంధ్రం. అప్పటికి ఆరేళ్లు. అంతకుముందు రెండేళ్లు మా నాయిన ముఖ్యమంత్రి సహాయ నిధి కోసం కాగితాలు పట్టుకొని ఎమ్మెల్యే ఇంటి ముందట కూర్చునేవాడు, ఒకసారి సంతకం ఉంటే స్టాంపు లేదంటరు, ఒకసారి ఎస్టిమేటు పాతదైందంటరు. ఆ నిధి మీద పడే దరఖాస్తులు చూసే రాజశేఖరరెడ్డి ప్రభుత్వం ఈ పథకం తెచ్చిందంటారు. తెల్లకార్డు చూపిస్తే ఏడాదికి లక్షన్నర, అవసరమైతే ఇంకో యాభై వేలు. మా చెల్లెకు హైదరాబాద్‌లో ఆపరేషన్ అయింది, ఇంటికొచ్చే బస్సు చార్జీ కూడా ఇచ్చిన్రు. ఇప్పుడు దానికి ఇద్దరు పిల్లలు.

బకాయిలున్నయ్, మోసాలున్నయ్, అన్నీ ఒప్పుకుంట. కానీ ఎవరి సంతకం లేకుండ, ఎవరి కాళ్లు మొక్కకుండ వైద్యం దొరికిన రోజులు మా ఇంట్ల ఉన్నయ్. దాన్ని "ప్రకటన" అంటే నాకు కొద్దిగ గుచ్చుకుంటది.

లెక్కల_మాస్టారు
పథకం ప్రకటన అనలేదయ్యా, పరిమితి పెంచడం ప్రకటన అన్నాను. మీ చెల్లెలి సంగతి విని సంతోషం.

స్టెత్_రావు
నేను జిల్లా కేంద్రంలో నలభై పడకల ఆసుపత్రి నడుపుతున్నా. ఆ కౌంటర్ వెనక ఏం జరుగుతుందో చెబుతా, తర్వాత తిట్టుకోండి.

స్కీమ్ కేసు వస్తే ప్రీ-ఆథ్ (ముందస్తు అనుమతి దరఖాస్తు) పెడతాం, అనుమతి వస్తుంది, ఆపరేషన్ చేస్తాం, డిశ్చార్జ్ అయ్యాక ఫొటోలు, రిపోర్టులు అన్నీ అప్‌లోడ్ చేసి క్లెయిమ్ పెడతాం. డబ్బు వారాల్లో రావాలి. నెలలు పడుతుంది. ఈలోపు నేను నర్సుల జీతాలు ఆపలేను, ఆక్సిజన్ వాడికి, మందుల డిస్ట్రిబ్యూటర్‌కి "స్కీమ్ నడిపే ట్రస్టు నుంచి రాగానే ఇస్తా" అంటే ఊరుకోరు. పెద్ద కార్పొరేట్లకి నగదు పేషెంట్లు ఎక్కువ కాబట్టి స్కీమ్ వార్డు చిన్నది చేసుకుంటారు. మాలాంటి వాళ్లకి రోగుల్లో సగానికి పైగా స్కీమే. బ్యాంకులో ఓడీ (ఓవర్‌డ్రాఫ్ట్ అప్పు) పెట్టుకుని ప్రభుత్వానికి వడ్డీ లేని అప్పు ఇస్తున్నామన్నమాట. 2025లో తెలంగాణలోనూ, ఆంధ్రాలోనూ నెట్‌వర్క్ ఆసుపత్రులు సేవలు ఆపింది ఊరికే కాదు. ఆంధ్రాలో మా సంఘం చెప్పిన బకాయి రెండున్నర వేల కోట్ల పైనే.

రేట్ల సంగతి ఇంకో కథ. తెలంగాణలో 2024లో ప్యాకేజీ రేట్లు పెంచారు, జాబితా 1,835కి చేర్చారు. దానికి ముందు పదేళ్లు పాత రేట్లే. పదేళ్లలో కరెంటు బిల్లు మారలేదా, జీతాలు మారలేదా?

ఉల్లిపాయ_ఉప్మా
డాక్టర్ గారూ, మీ బాధ నిజమే, కాదనను. కానీ అవసరం లేని గర్భసంచి ఆపరేషన్లు కూడా ఇదే స్కీమ్‌లో జరిగాయి కదా? ముప్పై ఏళ్లు నిండని ఆడవాళ్లకి కూడా తీసేశారు. చివరికి అలాంటి కొన్ని ఆపరేషన్లు సర్కారు ఆసుపత్రులకే అని నియమం పెట్టాల్సి వచ్చింది. రేటు తక్కువైన కేసు వద్దు, రేటు బాగున్న కేసు ముద్దు. దీనికేమంటారు?

స్టెత్_రావు
జరిగాయి. సిగ్గుపడాల్సిన విషయం. ఆపరేషన్‌కి డబ్బిచ్చి, మందులతో నయం చేస్తే ఏమీ ఇవ్వని చోట కత్తికే గిరాకీ ఉంటుంది. నేను సమర్థించట్లేదు, అది జరిగే తీరు చెబుతున్నా. ఆడిట్ గట్టిగా ఉండాలి, అది కూడా ఖర్చే. ఆ ఖర్చు ఎవరూ పెట్టరు.

నర్సమ్మ_డైరీ
నేను పల్లెలో విలేజ్ క్లినిక్‌లో పనిచేస్తాను. అందరూ ఆపరేషన్ల గురించే మాట్లాడుతున్నారు. మా దగ్గరికి వచ్చేవాళ్లలో ఆపరేషన్ కావాల్సినవాళ్లు నూటికి ఇద్దరు ముగ్గురు ఉంటే గొప్ప. మిగతా అందరూ బీపీ, షుగర్, థైరాయిడ్, మోకాళ్ల నొప్పులు, పిల్లల దగ్గు, కుక్క కాట్లు. వీటిలో చాలావాటికి ఆరోగ్యశ్రీ లేదు, ఎందుకంటే మంచం మీద పడుకోబెడితేనే లెక్కలోకి వస్తుంది.

మా ఊళ్లో ఒక తాత ఉన్నాడు, షుగర్ పన్నెండేళ్లుగా. కొడుకు హైదరాబాద్‌లో వాచ్‌మన్. నెలకి మందులకి వెయ్యి పైన. ఒక నెల కొంటాడు, ఒక నెల మానేస్తాడు, మధ్యలో ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ ఎక్కించుకుని "బలం వచ్చిందమ్మా" అంటాడు. పోయిన వేసవిలో కాలికి పుండు పడింది, బొటనవేలు తీసేశారు. ఆ వేలు తీసినందుకు పథకం డబ్బు కట్టింది. పన్నెండేళ్లు మందులకి మాత్రం ఎవరూ కట్టలేదు. మా దగ్గర మెట్‌ఫార్మిన్ ఉంటుంది, ఉన్నప్పుడు ఇస్తాం. పైనుంచి పంపమని ఇండెంట్ పెట్టిన నాలుగు రకాల్లో రెండొస్తాయి. ఫ్యామిలీ డాక్టర్ కింద 104 బండి నెలకి రెండుసార్లు వస్తుంది, ఆ రోజు డాక్టర్ గారు చూస్తారు, అది బాగానే ఉంది.

ఖర్చుకీ బీమాకీ సంబంధం ఏంటని కదా అడిగారు. మా ఊళ్లో కుటుంబాల జేబులోంచి పోయే డబ్బులో పెద్ద వాటా మందులు, పరీక్షలు, ఆటో కిరాయి. ఆ మూడూ కార్డులో లేవు.

లెక్కల_మాస్టారు
నర్సమ్మ గారు అసలు విషయం పట్టుకున్నారు. దేశం మొత్తానికి ఉన్న లెక్క ఒకటి చెబుతాను. జాతీయ ఆరోగ్య ఖాతాల ప్రకారం 2013-14లో మొత్తం ఆరోగ్య ఖర్చులో జనం జేబులోంచి పెట్టినది 64.2 శాతం. 2021-22కి అది 39.4 శాతానికి దిగింది. అదే కాలంలో ప్రభుత్వ ఖర్చు వాటా 28.6 నుంచి 48 శాతానికి ఎక్కింది. జీడీపీలో చూస్తే 1.15 నుంచి 1.84 శాతం. 2017 జాతీయ ఆరోగ్య విధానం పెట్టుకున్న లక్ష్యం 2025 నాటికి 2.5 శాతం. అందులోనే రాష్ట్రాలు తమ బడ్జెట్‌లో 8 శాతం పైన ఆరోగ్యానికి ఇవ్వాలని ఉంది. 2025-26లో ఆంధ్రా కేటాయింపు 19,264 కోట్లు, అంటే 6 శాతం దగ్గర. తెలంగాణ 3,04,965 కోట్ల బడ్జెట్‌లో 12,393 కోట్లు, 4 శాతం చిల్లర. పదిహేనో ఆర్థిక సంఘం ఇంకో మాట కూడా చెప్పింది: ఆరోగ్య ఖర్చులో మూడింట రెండు వంతులు ప్రాథమిక వైద్యానికి వెళ్లాలని.

కేటాయింపు వేరు, విడుదల వేరు, ఖర్చు వేరు అన్నది ఖజానాలో పనిచేసినవాడికి వేరే చెప్పక్కర్లేదు. మార్చి నెలాఖరులో బడ్జెట్ పుస్తకం చూడకండి, బిల్లుల కట్ట చూడండి.

వరంగల్_స్టాటిస్టిక్స్
మాస్టారూ, ఆ 39.4 గురించి చిన్న జాగ్రత్త. ఇంటింటి ఖర్చు కోసం వాళ్లు వాడింది 2017-18 నాటి ఎన్‌ఎస్‌ఎస్ (జాతీయ నమూనా) సర్వే. తర్వాతి ఏళ్లకి దాన్నే పొడిగించి లెక్కేశారు. కోవిడ్ రెండో వేవ్‌లో మనం ఆక్సిజన్ సిలిండర్లకి, రెమ్‌డెసివిర్‌కి పోసిన డబ్బు ఆ లెక్కలో పూర్తిగా పడిందని నేను నమ్మను. దిశ తగ్గడం వైపే ఉంది, అది ఒప్పుకుంటా. ఎంత తగ్గింది అన్నదాని మీద మాత్రం పందెం కాయను.

ఇంకోటి. బీమా కవరేజ్ అంటే సర్వేల్లో "ఇంట్లో ఒక్కరికైనా ఏదైనా బీమా ఉందా" అని అడుగుతారు. 2015-16లో దేశంలో 28.7 శాతం ఇళ్లు అవునన్నాయి, 2019-21లో 41. కార్డు ఉంటే చాలు, లెక్కలో పడిపోతారు. బెల్లం గారి ఇల్లు కూడా ఆ లెక్కలో "కవర్ అయిన ఇల్లే". కౌంటర్ దగ్గర వెనక్కి పంపినవాళ్లని లెక్కపెట్టే కాలమ్ ఆ ఫారంలో లేదు.

అనకాపల్లి_బెల్లం
ఇంత వివరంగా రాస్తారని అనుకోలేదు, అందరికీ థాంక్స్. ఒక డౌట్. ఇదంతా ప్రభుత్వమే ట్రస్టు పెట్టి నడపడం వల్ల వచ్చిన గొడవ కదా, ఇన్సూరెన్స్ కంపెనీకి ఇచ్చేస్తే పోతుందని మా బాబాయ్ అంటున్నాడు. నిజమేనా?

మాజీ_ఆరోగ్యమిత్ర
నేను మొదటి రోజుల్లో ఆరోగ్యమిత్రగా చేశాను, ఆసుపత్రిలో హెల్ప్ డెస్క్ దగ్గర కూర్చునేవాణ్ణి. అప్పట్లో నడిపింది కంపెనీయే, స్టార్ హెల్త్. ప్రభుత్వం కుటుంబానికి ఇంత అని ప్రీమియం కట్టేది, కంపెనీ క్లెయిములు కట్టేది. తర్వాత మెల్లగా ట్రస్టే నేరుగా కట్టడం మొదలైంది. రెండూ చూసినవాడిగా చెబుతున్నా.

కంపెనీ ఉంటే డబ్బు ముందే కట్టేసి ఉంటుంది కాబట్టి ఆసుపత్రికి త్వరగా వస్తుంది. కానీ క్లెయిమ్ కొట్టేస్తే కంపెనీకి లాభం, కాబట్టి ప్రతి కేసులో ఒక కొర్రీ. ఈసీజీ కాపీ మీద తేదీ కనబడట్లేదని వెనక్కి పంపిన కేసు నాకింకా గుర్తుంది, పేషెంట్ ఐసీయూలో ఉన్నాడు. ట్రస్టు అయితే లాభం తినేవాళ్లు లేరు, జాలి కూడా కాస్త ఎక్కువ. కాకపోతే డబ్బు రావాల్సింది ఖజానా నుంచి. అక్కడ జీతాలు, పింఛన్లు, అప్పుల వడ్డీలు అయ్యాకే మన వంతు.

2025లో ఆంధ్రాలో కేబినెట్ ఒప్పుకున్నది రెండూ కలిపిన పద్ధతి. రెండున్నర లక్షల దాకా కంపెనీ, ఆ పైన 25 లక్షల దాకా ట్రస్టు. నా అనుమానం ఒక్కటే. ప్రీమియం వాయిదా సమయానికి కట్టకపోతే కంపెనీ కూడా ఆపేస్తుంది. అప్పుడు బోర్డు మీద పేరు మారుతుందంతే.

స్టెత్_రావు
నిజం చెప్పాలంటే నాకు కంపెనీ అంటేనే భయం ఎక్కువ. ట్రస్టు ఆలస్యంగానైనా కడుతుంది. కంపెనీ వాడు కోతేసి "ఫుల్ అండ్ ఫైనల్" అంటాడు.

పాలమూరు_పిల్లగాడు
ఆయుష్మాన్ భారత్ ఉంది కదన్నా, సెంటర్ పైసలు ఇస్తది కదా, మరి గీ బకాయిలెందుకు?

లెక్కల_మాస్టారు
కేంద్రం 60, రాష్ట్రం 40. కానీ ఆ 60 అన్ని కుటుంబాలకీ రాదు. 2011 సామాజిక ఆర్థిక కుల గణన లెక్కలో అర్హులైన కుటుంబాలకే. మన రెండు రాష్ట్రాలూ రేషన్ కార్డు ఉన్న దాదాపు అందరినీ కలుపుకున్నాయి, ఆంధ్రాలో అయితే ఏడాదికి 5 లక్షల ఆదాయం దాకా. ఆ అదనపు కుటుంబాల ఖర్చు పూర్తిగా రాష్ట్రానిదే. ఆయుష్మాన్ పరిమితి 5 లక్షలు, ఆ పైనది కూడా రాష్ట్రానిదే. 2024 అక్టోబరులో డెబ్భై ఏళ్లు దాటినవాళ్లందరికీ ఆదాయంతో పని లేకుండా ఇచ్చారు, అది మంచిదే, మా ఆవిడకీ నాకూ వచ్చింది. తెలంగాణ 2021లో చేరింది.

ఇర్వింగ్_బాబాయ్
టెక్సస్ నుంచి రాస్తున్నా. మీరు ఇక్కడి సంగతి వింటే కాస్త ఊరట పడతారేమో, లేదా ఇంకా భయపడతారేమో.

ఒబామా కాలంలో 2010లో చట్టం వచ్చింది, పేదల కోసం ఉండే మెడికెయిడ్‌ని ఇంకాస్త పైస్థాయి ఆదాయం దాకా పెంచమని. 2012లో సుప్రీంకోర్టు అది రాష్ట్రాల ఇష్టం అంది. పెంచితే ఆ కొత్తవాళ్ల ఖర్చులో 90 శాతం వాషింగ్టన్ భరిస్తుంది. అయినా టెక్సస్ ఒప్పుకోలేదు, ఇప్పటికీ. ఇలాంటివి పది రాష్ట్రాలు, ఫ్లోరిడా, జార్జియా కూడా. దేశంలో బీమా లేనివాళ్ల శాతం అన్నిటికంటే ఎక్కువ ఉన్నది మా రాష్ట్రంలోనే. ఇక్కడ పిల్లలు లేని పేదవాడు ఎంత పేదవాడైనా మామూలుగా మెడికెయిడ్ రాదు. పిల్లలున్న తల్లిదండ్రులకి కూడా ఆదాయం దాదాపు లేకపోతేనే.

మరి రాష్ట్రానికి డబ్బు మిగిలిందా అంటే, ఇక్కడే తమాషా. ఎమర్జెన్సీకి వచ్చినవాణ్ణి ఏ ఆసుపత్రీ చూడకుండా పంపకూడదని 1986 నుంచి చట్టం. కాబట్టి బీమా లేనివాడు జబ్బు ముదిరాక ఎమర్జెన్సీకే వస్తాడు. నేను డాలస్ కౌంటీలో ఉంటాను, నా ఇంటి పన్ను బిల్లులో కౌంటీ ప్రజల ఆసుపత్రి పార్క్‌లాండ్‌కి విడిగా ఒక వరుస ఉంటుంది. అంటే రాష్ట్రం బీమా ఇవ్వనంది, ఆ రోగి ఖర్చు తిరిగి తిరిగి నా ఇంటి పన్నులోకి వచ్చింది. పక్క లూసియానా 2016లో ఒప్పుకుంది.

మీకు కార్డు ఉంది, వెనక డబ్బు రావట్లేదు. ఇక్కడ డబ్బు వెళ్తూనే ఉంది, కార్డు ఇవ్వరు. ఎవరిది మేలో నాకు తెలీదు గానీ మా అమ్మానాన్న వచ్చిన ప్రతిసారీ ఆ ఆర్నెల్లూ నాకు టెన్షనే. పంటి నొప్పి అంటే గుండె జారిపోతుంది.

ఉల్లిపాయ_ఉప్మా
బాబాయ్, పంటికి బీమా ఇక్కడా లేదు. దాంట్లో అమెరికా, అనకాపల్లి ఒకటే.

సిక్కోలు_సముద్రం
మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. ఇక్కడ కిడ్నీ జబ్బులు ఎక్కువని అందరికీ తెలిసిందే, కొత్తగా చెప్పను. పలాసలో 2023 డిసెంబరులో రెండొందల పడకల కిడ్నీ ఆసుపత్రి తెరిచారు, డయాలసిస్ చేయించుకునేవాళ్లకి పింఛను ఉంది, డయాలసిస్ పథకంలో ఉంది. ఇవన్నీ రాకముందు మా పెద్దనాన్నని వారానికి రెండుసార్లు విశాఖ తీసుకెళ్లేవాళ్లం, రైలులో రాను పోను ఒక రోజంతా. రెండెకరాల కొబ్బరితోట అలాగే పోయింది.

నేను చెప్పదల్చుకున్నది వేరే. హిరమండలం నుంచి పైపులేసి వంశధార నీళ్లు తెచ్చారు, ఏడొందల కోట్ల ప్రాజెక్టు. ఆ ఖర్చు ఆరోగ్య శాఖ పద్దులో ఉండదు, బీమా లెక్కలో అసలే ఉండదు. జబ్బుకి కారణం నీళ్లేనా అన్నది డాక్టర్లే ఇంకా పూర్తిగా తేల్చలేదు. కానీ మా ఊరి ఆడవాళ్లని ఏది ముందు కావాలని అడిగి చూడండి, డయాలసిస్ మెషిన్ అనరు.

వరంగల్_స్టాటిస్టిక్స్
ఇది మంచి పాయింట్. ఇలాంటిదే ఇంకోటి, బెల్లం గారి కేసుకి దగ్గరది. 2017 ఫిబ్రవరిలో స్టెంట్ల ధర మీద కేంద్రం పరిమితి పెట్టింది. మందు పూసిన స్టెంట్ అప్పట్లో 29,600, మామూలుది 7,260. అంతకుముందు లక్ష పైన గుంజేవాళ్లు. దానికి ప్రభుత్వానికి ఒక్క రూపాయి బీమా ఖర్చు కాలేదు, కార్డు ఉన్నవాడికీ లేనివాడికీ అందరికీ తగ్గింది. మరి బెల్లం గారికి చెప్పిన లక్షా అరవైలో స్టెంట్ ఎంతో, గది ఎంతో, "కన్స్యూమబుల్స్" ఎంతో విడివిడిగా రాసిమ్మని అడగండి.

స్టెత్_రావు
అడగండి. అడిగితే ఇవ్వాలి. (నన్ను మాత్రం అడగొద్దు, నా దగ్గర స్టెంట్లు వేసే క్యాథ్ ల్యాబ్ లేదు.)

కూకట్‌పల్లి_కోడర్
మధ్యలో దూరుతున్నా. రేషన్ కార్డు లేని మాలాంటి వాళ్ల సంగతేంటి? నెలకి అరవై వేలు జీతం, ఈఎస్‌ఐ దాటిపోయాను, దాని పరిమితి 21 వేలేగా. కంపెనీ ఇచ్చిన పాలసీ ఉద్యోగం ఉన్నన్నాళ్లే. అమ్మానాన్నలకి విడిగా తీసుకుందామంటే ఇద్దరికీ కలిపి ఏడాదికి దగ్గర దగ్గర అరవై వేలు ప్రీమియం చెప్పారు. 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతం జీఎస్టీ తీసేశారు కాబట్టి కాస్త నయం. పేదవాడికి ట్రస్టు, డబ్బున్నవాడికి డబ్బు, మధ్యలో మనకి ఈఎంఐ.

మాజీ_ఆరోగ్యమిత్ర
అందుకేనేమో హైదరాబాద్‌లో ముఖ్యమంత్రి సహాయ నిధి నుంచి ఇచ్చే హామీ పత్రాల (ఎల్‌ఓసీల) కోసం తిరిగేవాళ్లలో మీలాంటివాళ్లని చాలామందిని చూశాను. పాలమూరు తమ్ముడు చెప్పిన ఎమ్మెల్యే ఇంటి ముందు లైను ఎక్కడికీ పోలేదు. కార్డు లేనివాళ్లు, జాబితాలో లేని జబ్బువాళ్లు, బకాయిల వల్ల వెనక్కి పంపినవాళ్లు, అందరూ మళ్లీ అక్కడే తేలుతున్నారు.

బెల్లం తమ్ముడూ, నీ పని చూద్దాం. వడ్డీకి తేకు. నాన్నగారి ఆంజియో సీడీ, కార్డు, ఆధార్ పట్టుకుని రేపు ఉదయం ఎనిమిదింటికి దగ్గర్లోని సర్కారు పెద్దాసుపత్రికి, క్యాథ్ ల్యాబ్ ఉన్నదానికి వెళ్లు. అక్కడా ఆరోగ్యమిత్ర ఉంటాడు, వాళ్లూ ఇదే స్కీమ్‌లో చేస్తారు, క్లెయిమ్ డబ్బు ఆ ఆసుపత్రికే వెళ్తుంది. బకాయి ఉన్నా సర్కారు ఆసుపత్రి తలుపు మూయలేదు. లైను ఉంటుంది, మంచం కోసం గొడవ ఉంటుంది, ఓపిక పట్టు. ఆపరేషన్ తర్వాత ఇంటి దగ్గర ఉన్న రోజులకి భృతి సంగతి కూడా అక్కడే అడుగు, ఇంతకుముందు రోజుకి 225 చొప్పున ఇచ్చేవాళ్లు.

మోడరేటర్
రెండు కామెంట్లు తొలగించాం. ఏ ప్రభుత్వంలో ఎక్కువ బకాయిలున్నాయో తేల్చుకోవడానికి రాజకీయ విభాగం ఉంది, అక్కడికి వెళ్లండి.

ఉల్లిపాయ_ఉప్మా
ఇరవై దాకా ఆగారు. రికార్డే.

అనకాపల్లి_బెల్లం
అప్‌డేట్, పన్నెండు రోజుల తర్వాత. మాజీ ఆరోగ్యమిత్ర గారు చెప్పినట్టే పెద్దాసుపత్రికి వెళ్లాం. మొదటి రెండు రోజులు మంచం దొరకలేదు, నాన్న వరండాలో చాప మీద పడుకున్నారు, ఆ రెండు రాత్రులు నేను మర్చిపోను. మూడో రోజు ప్రీ-ఆథ్ వచ్చింది, ఐదో రోజు స్టెంట్ వేశారు. వేసిన డాక్టర్ గారికి నా వయసే ఉంటుంది, ఆ రోజు అది ఆయనకి ఆరోదట. ఒక్క రూపాయి అడగలేదు. ఒకటి రెండు పరీక్షలు మెషిన్ పనిచేయక బయట చేయించాం, 2,300 అయింది. ఆయాకి, స్ట్రెచర్ తోసినవాడికి ఇచ్చింది లెక్కేసుకోలేదు.

ప్రైవేటు ఆసుపత్రిలో విడి బిల్లు అడిగాను కూడా, వరంగల్ అన్న చెప్పాడని. "సిస్టమ్ డౌన్" అన్నారు.

ఇప్పుడు నాలుగు రకాల మాత్రలు రాశారు, ఏడాది పాటు ఆపకూడదన్నారు. బయట షాపులో నెలకి 1,900 చెప్పాడు. నర్సమ్మ గారూ, ఇవి మీలాంటి క్లినిక్‌లో దొరుకుతాయా?

నర్సమ్మ_డైరీ
దేవుడి దయ, గండం గడిచింది. నాయనా, మాత్రల పేర్లు ఇక్కడ పెట్టకు, చీటీ తీసుకుని మీ ఊరి విలేజ్ క్లినిక్‌కే వెళ్లు. రక్తం పలచబడే మాత్ర, కొలెస్ట్రాల్ మాత్ర మామూలుగా ఉంటాయి. లేనివి జన్ ఔషధి షాపులో అడుగు, బయట రేటులో సగం కూడా ఉండదు. ఏది దొరికినా దొరక్కపోయినా స్టెంట్ మాత్రలు డాక్టర్ చెప్పేదాకా ఒక్క పూట కూడా ఆపొద్దు. మా తాత కథ రాశాను కదా.

అనకాపల్లి_బెల్లం
ఈరోజు వెళ్లొచ్చాను అక్కా. నాలుగింటిలో రెండు ఇచ్చారు, పదిహేను రోజులకి. మూడోది జన్ ఔషధిలో దొరికింది. నాలుగోది ఇండెంట్ పెట్టామన్నారు, 104 బండి వచ్చే రోజు రమ్మన్నారు. ఈలోపు బయట కొన్నాను.

నర్సమ్మ_డైరీ
బిల్లు దాచిపెట్టు.

అనకాపల్లి_బెల్లం
ఎవరికి చూపించాలి అక్కా?

నర్సమ్మ_డైరీ
ప్రస్తుతానికి ఎవరికీ కాదు. దాచిపెట్టు అంతే.